చెవి ఒగ్గి వింటే: పాఠకుల ప్రశ్నలు, రేడియో మనిషి జవాబులు

ఉద్యోగ విరమణ చేసి ఇన్నేళ్ళయినా నన్ను రేడియో మనిషిగానే గుర్తుంచుకొని ఉత్తరాలు రాస్తున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు నమస్కారం. ఈ నెల వచ్చిన వాటిలో ఏడు ప్రశ్నలను ఎంచుకున్నాను. ఒకే సంగతి మీద ముగ్గురు నలుగురు రాసినప్పుడు వాటిని కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: మీరు రేడియోలో సైన్సు, ప్రకృతి కార్యక్రమాలు చేసేవారని మా నాన్నగారు తరచూ చెబుతుంటారు. బొమ్మ చూపించకుండా పక్షిని గురించీ చెట్టును గురించీ వినేవారికి అర్థమయ్యేలా చెప్పడం ఎలా సాధ్యమండీ? వృక్షశాస్త్రం చదువుతున్న నాకు ఆ పనిలోకి రావాలని ఉంది. (డిగ్రీ విద్యార్థిని, కందుకూరు)

అమ్మా, మీ ఉత్తరం చదవగానే నా మొదటి ప్రసంగం గుర్తుకు వచ్చింది. అది గుర్తుకు వస్తే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. నేలపట్టు పక్షుల మీద పది నిమిషాల ప్రసంగం రాసుకొని స్టూడియోకు వెళ్ళాను. మొదటి వాక్యంలోనే ‘458.92 హెక్టార్ల విస్తీర్ణం గల ఈ రక్షిత ప్రాంతంలో’ అని ఉంది. అద్దానికి అవతల కూర్చున్న ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ గారు రికార్డింగు ఆపించి, “ఆ అంకె విన్న రైతు దానితో ఏం చేసుకుంటాడండీ?” అని అడిగారు. పత్రికలో అంకె అర్థం కాకపోతే పాఠకుడు మళ్ళీ పై వరుసకు వెళ్ళి చదువుకుంటాడు. రేడియోలో మాట గాలిలో కలిసిపోయిన తరువాత వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఏమీ మిగలదు. దానిని సుమారు 1,100 ఎకరాలు అని మార్చుకున్నాను. ఆయన రెండో ప్రశ్న ఇంకా సూటిగా తగిలింది: “మీరు ఆ చెరువు చూశారా?” చూడలేదు. పుస్తకాలు చూశాను, అంతే.

తరువాతి వారం భుజానికి టేపు రికార్డరు తగిలించుకొని, తెల్లవారక ముందే నేలపట్టు చెరువు కట్ట మీద నిలబడ్డాను. అప్పటికి అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. జిల్లాల విభజన తరువాత సూళ్ళూరుపేట ప్రాంతమంతా తిరుపతి జిల్లాకు పోయినా, మా తరం నోట మాత్రం అది నెల్లూరు జిల్లాయే. నీళ్ళలో నిలబడి ఉన్న నీటి కడప చెట్ల కొమ్మల నిండా గూళ్ళు ఉన్నాయి. వాటి మీద తెల్లని ముద్దలుగా కనిపిస్తున్నవి గూడబాతులు (పెలికన్లు). చీకటి విడుతున్నకొద్దీ ఆ చెరువు నుంచి ఒక రకమైన రొద లేచింది. మేకపిల్లలూ పందిపిల్లలూ ఒకే దొడ్డిలో పడి అరుస్తున్నట్టుగా తోచింది. పెద్ద గూడబాతులు దాదాపు మూగవి. ఆ గోలంతా ఆకలితో ఉన్న వాటి పిల్లలది. మధ్య మధ్య ఎండు వెదురు బద్దలను ఒకదానితో ఒకటి కొట్టినట్టు టకటకమని మరొక చప్పుడు వినిపించింది. అది కొంగలు ముక్కు రెండు భాగాలనూ ఆడించే చప్పుడు. నత్తలు తినే కొంగలకు గొంతులో స్వరం పలికించే ఏర్పాటు సరిగా లేదు గనుక, అవి పలకరించుకున్నా పోట్లాడుకున్నా ముక్కుతోనే.

అయితే ఆ రోజు నా టేపులో మొదటి అరగంటలో వీటిలో ఏదీ సరిగా పడలేదు. కట్ట మీది గాలి మైకును భస్సు భస్సుమని కొట్టి అన్నింటినీ మింగేసింది. మెడకు చుట్టుకున్న ఉన్ని మఫ్లరు విప్పి మైకుకు రెండు చుట్లు చుట్టాను. గాలి హోరు తగ్గి, పిల్లల అరుపులు స్పష్టంగా రావడం మొదలైంది. ఆ రికార్డింగులో రెండు నిమిషాలు ముందుగా వినిపించి, ఆ తరువాతే నేను నోరు విప్పాను. నా పదిహేను వాక్యాల వర్ణన చేయలేని పనిని ఆ రెండు నిమిషాలు చేశాయి. (ఆ టేపు ఇప్పుడు లేదు. నేను పనిచేసిన ఒక కేంద్రంలో స్పూళ్ళు చాలక, దాని మీద ఏదో ప్రారంభోత్సవ సభ రికార్డు చేశారు. ఆ బాధ నాకు ఈనాటికీ తీరలేదు.)

ఇక మీకు పనికివచ్చే నాలుగు మాటలు. రేడియోకు రాసేటప్పుడు కంటికి కాక చెవికి రాయాలి. రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదివి, ఒక్క ఊపిరిలో పూర్తి కానిదాన్ని రెండుగా విరవాలి. నా వేగానికి పది నిమిషాల ప్రసంగానికి తొమ్మిది వందల మాటలు సరిపోయేవి. జీవుల పేర్లు వినేవారి నోట ఉన్నవే వాడాలి. కార్మోరెంట్ అనే బదులు నీటికాకి అంటే కావలి కాలువ పక్కన కూర్చున్న మనిషికి వెంటనే తెలుస్తుంది. గూడబాతు అన్న పేరు సంగతి మరీ చిత్రమైనది. గూడ అనే బుట్ట వేసి కయ్యలకు నీళ్ళు తోడిన తరానికి ఆ ఒక్క మాట చెబితే చాలు, ఆ పక్షి ముక్కు కింద వేలాడే సంచిని విడిగా వర్ణించనక్కరలేదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ అంతటివారు ఆకాశవాణిలో దశాబ్దాల తరబడి పక్షుల గురించి మామూలు శ్రోతల కోసం ప్రసంగించారు. 1990ల తొలినాళ్ళలో మానవ పరిణామం మీద 144 భాగాల ధారావాహిక దేశంలోని అనేక భాషలలో రేడియో ద్వారానే ఇళ్ళకు చేరింది. బొమ్మ లేదన్నది ఎప్పుడూ అడ్డం కాలేదమ్మా. మీరు ముందు ఒక చిన్న నోటు పుస్తకం కొనుక్కొని, మీ ఊరి చెరువు దగ్గర విన్నదాన్ని విన్నట్టుగా రాసుకోవడం మొదలుపెట్టండి. మైకు తరువాత వస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఇప్పటికీ పాత రేడియో పనిచేస్తోంది. పగలు మీడియం వేవ్‌లో ఒకటి రెండు కేంద్రాలే అందుతాయి. రాత్రయితే ఎక్కడెక్కడి భాషలో వినిపిస్తాయి, ఆ గొంతులు ఉయ్యాల ఊగినట్టు పెరిగి తగ్గుతుంటాయి. కారణం ఏమిటి? ఇంతకుముందు పాడైన వాల్వు సెట్టు విప్పితే లోపల అభ్రకం రేకులు కనిపించాయి. అవి ఎందుకు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉదయగిరి)

మాస్టారూ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు పండుగలాంటిది. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద, కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీద వస్తాయని మీకు తెలిసినదే. కాంతి వేగాన్ని ఈ అంకెలతో భాగిస్తే ఒక్కొక్క తరంగం పొడవు వరుసగా సుమారు 358 మీటర్లు, 333 మీటర్లు అని తేలుతుంది. ఇంత పొడవైన తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకొని పాకుతూ వస్తాయి. దూరం పెరిగేకొద్దీ, ముఖ్యంగా ఉదయగిరి వంటి రాతి నేలల మీద, అవి బలహీనపడతాయి.

అవే తరంగాలు ఆకాశం వైపుకు కూడా పోతాయి. భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఎండ తాకిడికి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ఏర్పడే పొర ఒకటి ఉంది. దానిని ‘డి’ పొర అంటారు. పగలు ఇది మీడియం వేవ్ తరంగాలను ఇసుక నీటిని పీల్చినట్టు పీల్చేసుకుంటుంది. పొద్దు కుంకగానే ఎండ ఆగిపోతుంది. అంత ఎత్తులో కూడా గాలి కాస్త చిక్కగానే ఉంటుంది కనుక విడిపోయిన ఎలక్ట్రాన్లు త్వరత్వరగా మళ్ళీ అణువులతో కలిసిపోయి, ఆ పొర దాదాపుగా మాయమవుతుంది. ఇంకా పైన, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరలో గాలి చాలా పలుచన. అక్కడ ఎలక్ట్రాన్లకు జత దొరకడం కష్టం కాబట్టి ఆ పొర రాత్రంతా నిలిచి ఉంటుంది. అడ్డు తొలగిన తరంగాలు అక్కడిదాకా పోయి, వంగి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. మీరు రాత్రిళ్ళు వింటున్నది ఆ దిగి వచ్చిన గొంతులను. ఈ పొరల మీద మన దేశంలో లోతైన పరిశోధన చేసినవారిలో కలకత్తాకు చెందిన శిశిర్ కుమార్ మిత్ర ముఖ్యులు.

ఇక ఉయ్యాల సంగతి. ఆకాశం నుంచి దిగే తరంగమూ, నేల మీద పాకి వచ్చే తరంగమూ మీ ఏరియల్ దగ్గర కలుస్తాయి. లేదా పై నుంచే రెండు వేరు వేరు దారులలో వచ్చి కలుస్తాయి. అవి ఒకదానికొకటి తోడైన క్షణంలో గొంతు పెరుగుతుంది, ఎదురైన క్షణంలో పడిపోతుంది. పై పొర నిలకడగా ఉండదు, నిరంతరం కదులుతూ ఉంటుంది కనుక ఆ దారులు మారుతూనే ఉంటాయి. రేడియో సిలోను పాటలు షార్ట్ వేవ్‌లో విన్నవారికి ఈ ఊగులాట బాగా పరిచయం. ఎఫ్.ఎం. తరంగాలు మాత్రం మూడు మీటర్ల పొడవు ఉంటాయి. మామూలుగా ఆ పొరలను చీల్చుకొని పైకి పోతాయే తప్ప తిరిగి రావు. అందుకే ఎఫ్.ఎం. రాత్రయినా పగలయినా ఒకే తీరుగా ఉంటుంది. అయితే సముద్రం మీద చల్లని గాలిపై వేడి గాలి పరుచుకున్న రోజులలో ఆ రెంటి మధ్య ఒక గొట్టంలాంటి దారి ఏర్పడుతుంది. అటువంటి రాత్రి మైపాడు ఒడ్డున చెన్నై ఎఫ్.ఎం. వినిపించినా వింత కాదు.

అభ్రకం ప్రశ్నకు వస్తే, మాస్టారూ, మీరు విప్పిన సెట్టులో మన జిల్లా నేల ముక్క ఉన్నా ఉండవచ్చు. కాకిబంగారం అని మనం పిలుచుకునే ఆ ఖనిజం గూడూరు, సైదాపురం, రాపూరు మొదలుకొని ఆత్మకూరు, కావలి ప్రాంతాల దాకా పరుచుకొని ఉంది. నెల్లూరు అభ్రకంలో లేత ఆకుపచ్చ ఛాయ కలిగిన రకానికి ప్రత్యేకమైన పేరు ఉండేది. గోటితో పొరలు విడదీస్తే కాగితం కన్నా పలుచని రేకులుగా వస్తుంది, విద్యుత్తును పోనివ్వదు, వేడికి చెక్కుచెదరదు. వాల్వు అనే గాజు బుడ్డి లోపల ఎర్రగా కాలే తీగనూ దాని చుట్టూ ఉన్న లోహపు గొట్టాలనూ ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టేందుకు చిల్లులు పొడిచిన అభ్రకం బిళ్ళలు వాడేవారు. కేంద్రాన్ని పట్టుకునేందుకు తోడ్పడే కండెన్సర్లలో లోహపు రేకుల మధ్య కూడా అదే. ఎండకు వానకు దాని గుణం మారదు కాబట్టి, ఒకసారి పట్టుకున్న కేంద్రం జారిపోకుండా ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వైర్లెస్ సెట్ల కోసం భారతదేశపు అభ్రకానికి ఎంతో గిరాకీ ఏర్పడింది. గూడూరు వైపు గనుల పక్కన తెల్లగా మెరిసే గుట్టలను చూసినప్పుడల్లా, వీటిలో నుంచి పోయిన ఏ రేకు ఏ దేశంలో ఎవరి గొంతును మోసిందో అనుకుంటూ ఉంటాను.

ప్రశ్న: తుపాను నెల్లూరు దగ్గర తీరం దాటుతుందని రేడియోలో చెబుతారు, ఉప్పెన భయం మాత్రం ఉత్తరాన ఉన్న మాకు ఎక్కువంటారు. ఓడరేవుల దగ్గర ఎగరేసే ప్రమాద సూచిక నంబర్లకు కూడా అర్థం ఏమిటో వివరించగలరు. (మత్స్యకార కుటుంబం, కొత్తపట్నం)

అన్నా, ఇది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న గనుక కాస్త నిదానంగా చెబుతాను. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా సుడి తిరుగుతుంది. బంగాళాఖాతంలో నుంచి మన తీరం వైపుకు వచ్చే తుపాను సాధారణంగా పడమరకో వాయవ్యానికో నడుస్తుంది. తుపాను నడిచే దిశకు ముఖం పెట్టి దాని మధ్యలో మీరు నిలబడ్డారనుకోండి. మీ కుడి చెయ్యి ఉత్తరం వైపు, అంటే ఒంగోలు వైపు ఉంటుంది. ఆ పక్కన సుడిగాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది; తుపాను ముందుకు కదిలే వేగం కూడా దానికి తోడవుతుంది. ఆ గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంది. ఎడమ చేతి వైపు, అంటే దక్షిణాన, గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. అక్కడ సముద్రం వెనక్కి పోయినట్టు కనిపించడం కూడా ఉంది. కాబట్టి నెల్లూరు దగ్గర దాటే తుపానుకు కొత్తపట్నం కుడి పక్కన పడుతుంది. ఎంత దూరాన ఉన్నారన్నదాన్ని బట్టి తీవ్రత మారుతుందే తప్ప, పక్క మాత్రం అదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు గాలి బలంతో పాటు అక్కడి తీరంలో సముద్రం లోతు తక్కువగా ఉండడం కూడా కారణమైంది. లోతు లేని చోట తోసుకువచ్చిన నీరు కిందికి జారిపోయేందుకు దారి ఉండదు.

సూచికలు 1 నుంచి 11 దాకా ఉన్నాయి. 1, 2 దూరాన వాతావరణం చెడుతున్నదని, 3, 4 రేవుకే గాలివాన ముప్పు ఉందని హెచ్చరించేవి. 5, 6, 7 ప్రమాదానికి. 8, 9, 10 మహా ప్రమాదానికి. వీటి వరుసలో ఒక కిటుకు ఉంది, అది తెలిస్తే మరచిపోరు. 5, 8 అంటే రేవు తుపాను దారికి ఎడమ పక్కన ఉంటుందని. 6, 9 అంటే కుడి పక్కన ఉంటుందని. 7, 10 అంటే తుపాను రేవు మీదుగానో దానికి అతి దగ్గరగానో దాటుతుందని. అందరూ 10వ నంబరు పేరు చెప్పగానే వణుకుతారు గానీ, 9వ నంబరును తక్కువగా చూడకూడదు. కుడి పక్క అంటే ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు. 11 ఎగరేశారంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.

1989 నవంబరులో కావలి తుపాను వచ్చిన రాత్రి నేను బులెటిన్లు చదివే పనిలో ఉన్నాను. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పపు సన్నని నేలను దాటి, బంగాళాఖాతం అంతా ఈదుకుంటూ వచ్చిన తుపాను అది. అంత దూరం నేలను దాటి వచ్చినది బలహీనపడుతుందని అనుకున్నాను. సముద్రం మీదికి రాగానే అది మళ్ళీ బలం పుంజుకున్నది. ఆ రాత్రి కరెంటు పోయింది, జనరేటరు మోత మధ్య, ఒకే నాలుగు వాక్యాలను పదే పదే చదివాను. ప్రతిసారీ చివర ఒక మాట చేర్చాను: గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను పోయిందని బయటికి రాకండి, అది తుపాను కన్ను, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. ఈ ఒక్క మాట మీ ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి. సెల్ టవర్లు పడిపోయినా పనిచేసే బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో, వీలైతే బోటులోనూ పెట్టుకోండి.

ప్రశ్న: శ్రీహరికోట రాకెట్టు మా డాబా మీద నుంచి కనిపిస్తుంది. నిప్పు కనిపించిన చాలాసేపటికి గాని ఉరుము వినపడదు. కానీ ట్రాన్సిస్టరులో వ్యాఖ్యాత వెనుక ఆ మోత ముందే వచ్చేస్తుందని మా తాతయ్య అంటారు. నిజమేనా? (సూళ్ళూరుపేట)

తాతయ్యగారు అన్నది నిజం. గాలిలో ధ్వని ఒక కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ప్రయోగ వేదికకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే అసలు మోత మీ చెవిని చేరేసరికి నిమిషం గడుస్తుంది. అదే మోత శ్రీహరికోటలోని మైకులో పడి, రేడియో తరంగంగా మారి, కాంతి వేగంతో ప్రయాణించి ట్రాన్సిస్టరులోకి వస్తే కన్ను మూసి తెరిచేలోగా వినిపిస్తుంది. నేడు మధ్యలో ఉపగ్రహాలూ కంప్యూటర్లూ చేరడం వల్ల ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యమవుతున్నది, అయినా గాలిలో వచ్చే మోత కన్నా ముందే. 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కు చంద్రయాన్-3 లేచినప్పుడు నేను గడియారం పట్టుకొని ఇదే చూసుకున్నాను. దూరం వచ్చేసరికి రాకెట్టు మోతలోని సన్నని ధ్వనులను గాలి హరించేస్తుంది. బరువైన, మందమైన ధ్వనులే మిగిలి మీ కిటికీ అద్దాలను అదరగొడతాయి. 1971 అక్టోబరు 9న అక్కడ ఎగిరిన మొదటి రోహిణి చిన్న రాకెట్టు, దాని మోత ఏ మాత్రం ఉండి ఉంటుంది!

మెరుపుకూ ఇదే లెక్క. మీడియం వేవ్‌లో కేంద్రం లేని చోట ముల్లు నిలిపితే మెరిసిన క్షణంలోనే సెట్టు చిటపటమంటుంది. అప్పటి నుంచి ఉరుము దాకా సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. లెక్క ముప్పై సెకన్ల లోపు వస్తే డాబా దిగి లోపలికి పోవాలి.

ప్రశ్న: పాడేది ఆడ కోకిలా, మగ కోకిలా? (గృహిణి, పొదిలి)

మగ కోకిలమ్మా. నల్లగా, ఎర్రని కళ్ళతో ఉండేది మగది, ఆ కుహూ రాగం దానిదే. ఆడది గోధుమ రంగు మీద తెల్లని చుక్కలతో ఉండి, కిక్ కిక్ కిక్ అని తొందరపడుతున్నట్టు అరుస్తుంది. ఒకసారి నేను ప్రసారంలో ‘కోకిలమ్మ గొంతు విప్పింది’ అని అలంకారంగా అన్నాను. వారం తిరగకుండా సీతారామపురం వైపు నుంచి ఒక గొర్రెల కాపరి రాయించిన కార్డు వచ్చింది: ‘అయ్యా, గుడ్డు పెట్టేది పాడదు, పాడేది గుడ్డు పెట్టదు.’ పన్నెండు నెలలూ అవి మన దగ్గరే ఉంటాయి. చలికాలంలో నోరు మూసుకుంటాయి గనుక వెళ్ళిపోయాయనుకుంటాం.

ప్రశ్న: కలివి కోడి అనే పక్షి పూర్వం నెల్లూరు ప్రాంతంలో ఉండేదని విన్నాం. ఇప్పుడు ఎక్కడైనా ఉందా? దానిని చూడడం ఎలా? (ఆత్మకూరు)

దాని ఆంగ్ల నామంలో ఉన్న జెర్డన్ నెల్లూరులో సర్కారు వైద్యుడిగా పనిచేసిన మనిషి. మందుల కన్నా పక్షుల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. ఇక్కడి యానాదులకు అడవి గురించి తెలిసినదంతా అడిగి తెలుసుకునేవాడు. 1848లో ఆ పక్షికి శాస్త్రీయ వర్ణన వెలువడింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనే నిర్ణయానికి వచ్చారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో దాని జాడ తిరిగి పట్టుకున్నారు. శాస్త్రవేత్తలు ఎనభై ఏళ్ళకు పైగా వెతికిన పక్షి ఆ పల్లెల వేటగాళ్ళకు తెలిసినదేనని గ్రహించినప్పుడు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఆ పక్షి కోసమే లంకమల అడవులలో రక్షిత ప్రాంతం ఏర్పడింది. కండలేరుకు నీళ్ళు తెచ్చే తెలుగు గంగ కాలువ దారిని కూడా దాని పొదలను తప్పించి మార్చారు.

చూడడం అన్న మాటను మీరు వదులుకోవలసి ఉంటుంది. అది రాత్రి తిరిగే పక్షి. పగలు ముళ్ళపొదల కింద మట్టి రంగులో కలిసిపోతుంది. పొద్దు కుంకిన తరువాత, చీకటి చిక్కబడే వేళ, కొద్ది నిమిషాలపాటు రెండు ముక్కల చిన్న పిలుపు పిలిచి ఊరుకుంటుంది. దానిని వెతికే పరిశోధకులు కూడా మొదట ఆ పిలుపునే వెతుకుతారు. ఆత్మకూరు, ఉదయగిరి వైపు మెట్ట భూముల్లో అటువంటి ముళ్ళపొదలు ఇంకా ఉన్న చోట్లు మీకు తెలిస్తే, ఆ సమయానికి అక్కడ కూర్చొని ఫోనులో రికార్డు చేయండి. తీతువు అరుపును అదేనని పొరబడకండి. తీతువు గొడవ పడుతున్నట్టు కసురుతూ అరుస్తుంది. అనుమానం వస్తే అటవీ శాఖ వారికి చెప్పండి గాని, టార్చి వేసుకొని పొదలలోకి వెళ్ళి తరమకండి.

ప్రశ్న: తాతగారూ, వాన పడిన రాత్రి మా చెరువులో కప్పలు ఒకటే గోల. దగ్గరికి వెళితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. వాటికి ఎలా తెలుస్తుంది? (ఏడో తరగతి విద్యార్థి, కావలి దగ్గరి గ్రామం)

బాబూ, నీ అడుగుల అదురు నేలలో నుంచి వాటికి అందుతుంది, నీ నీడ కదలడం కూడా కనిపిస్తుంది. ఒకటి ఆగితే పక్కది ఆగుతుంది. పాములూ కొంగలూ తినే ప్రాణి కదా, భయం ఉండదా? అరిచేవన్నీ మగ కప్పలే. ఆడ కప్పలను పిలవడానికి అరుస్తాయి. తొలకరికి పసుపు పచ్చగా మారి, గొంతుకు రెండు పక్కలా నీలం బుడగలు ఊదుకుంటూ అరిచే బావురు కప్పను నువ్వు చూసే ఉంటావు. ఒక్కొక్క జాతి ఒక్కొక్క స్థాయిలో అరుస్తుంది. బావురు కప్పది మంద్ర స్థాయి, గడ్డిలోని చిన్న కప్పలది సన్నని గొంతు. అందువల్ల అంత గోలలోనూ ఎవరి మాట వారికి చేరుతుంది.

ఒక పని చెయ్యి. వాన వెలిసిన రాత్రి నాన్నను తోడు తీసుకొని, చెరువుకు ఇరవై అడుగుల దూరంలో కదలకుండా కూర్చో. బూట్లు తప్పనిసరి, కప్పల కోసం పాములు కూడా అటే వస్తాయి. నీ గడియారంలో పది నిమిషాలు గడిచేలోగా మళ్ళీ గోల మొదలవుతుంది. మొదట ఏ రకం గొంతు వినిపించింది, తరువాత ఏది, ఎన్ని రకాలు, ఎన్ని నిమిషాలకు అన్నది కాగితం మీద రాసి, తేదీ వేసి నాకు పంపు. పేర్లు తెలియకపోతే చప్పుడు ఎలా ఉందో రాయి, టకటక అనో, ట్రర్రు అనో. పేర్లు నేను వెతికి పంపుతాను. టార్చి లైటులో కొత్త బ్యాటరీలు వేయించుకోవడం మరచిపోకు.